నాన్న ఇంకా ఇంటికి రాలేదు: కౌన్సెలింగ్ సిలబస్ రాసే పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు నమస్కారం.

మన విశ్వవిద్యాలయాల్లో కౌన్సెలింగ్ సైకాలజీ చదివే పిల్లలు ఏం చదవాలో నిర్ణయించేది మీరు. మీలో ఇద్దరు ముగ్గురు నాకు పాఠాలు చెప్పినవాళ్ళే. ఎక్కడైనా నా గొంతు పెరిగినట్టు అనిపిస్తే పాత శిష్యురాలి చనువు అనుకుని సర్దుకోండి.

కిందటేడు సిలబస్ మార్పుల మీద సలహాలు పంపమంటే నేనూ ఒకటి పంపాను. ఆఫ్రికా సంప్రదాయ మతాల్లో మనసుకు మందుగా చేసే కర్మల మీద ఒక యూనిట్ పెట్టమని అడిగాను. మీలో ఒకరు ఫోన్ చేసి, "వాళ్ళ భూతవైద్యం మనకెందుకమ్మా, మన దగ్గర తక్కువైందా?" అని నవ్వారు. ఆ రోజు నాకు జవాబు తట్టలేదు. తట్టాక, ఒక్కరికి చెప్పడం కన్నా నలుగురూ చదివేలా రాయడం మేలనిపించింది.

ముందు నా తప్పు చెప్పుకోవాలి.

నేను హైదరాబాద్‌లో ఒక కాలేజీలో కౌన్సిలర్‌ని. కొన్నేళ్ళ కిందట జింబాబ్వే నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక కుర్రాణ్ణి హాస్టల్ వార్డెన్ నా దగ్గరికి పంపారు. నిద్ర లేదు, క్లాసులకి రావట్లేదు, రాత్రిళ్ళు డాబా మీద ఒక్కడే కూర్చుంటున్నాడు. వాళ్ళ నాన్న పోయి పది నెలలు. టికెట్‌కి డబ్బు కుదరక, పరీక్షలు నడుస్తుండటంతో అంత్యక్రియలకి వెళ్ళలేకపోయాడు. నాకు నేర్పిన పద్ధతిలోనే మొదలుపెట్టాను. నాన్నకి ఉత్తరం రాయించాను. రెండోసారి వచ్చినప్పుడు ఎదురుగా ఖాళీ కుర్చీ వేసి, "నాన్న అక్కడ కూర్చున్నారనుకో, చెప్పాలనుకున్నది చెప్పు" అన్నాను. అతను కుర్చీ వైపు చూశాడు, నా వైపు చూశాడు, మర్యాదగా తల దించుకున్నాడు. కాసేపటికి, "మా నాన్న ఇంకా ఇంటికి రాలేదు మేడమ్. తీసుకురావాల్సింది నేను" అన్నాడు.

ఫైల్లో నేను రాసుకున్నది ఇది: "మరణాన్ని ఇంకా ఒప్పుకోవడం లేదు." మూడో సెషన్‌కి అతను రాలేదు.

నెల తర్వాత క్యాంటీన్‌లో కనబడితే నేనే పిలిచి టీ ఇప్పించాను. ఫైల్ లేదు, గడియారం లేదు. అప్పుడు చెప్పాడు. వాళ్ళది షోనా కుటుంబం, జింబాబ్వేలో అందరికన్నా ఎక్కువమంది షోనాలే. నాన్న చనిపోయాడని అతనికి బాగా తెలుసు. "ఇంటికి రాలేదు" అన్నది బాధలో వచ్చిన మాట కాదు, వాళ్ళ ఇంట్లో అందరూ మామూలుగా అనే మాట. అది ఇంకా జరగాల్సిన ఒక పని పేరు. పనిని నేను జబ్బు లక్షణం అనుకున్నాను.

ఆ పనిని షోనాలో కురోవా గువా అంటారు. మాటకి మాట చెబితే "సమాధిని కొట్టడం". మనిషిని పూడ్చిపెట్టాక ఆరు నెలలకో, ఏడాదికో, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగానో చేస్తారు. అప్పటిదాకా పోయినవాడి ఆత్మ బయటెక్కడో తిరుగుతూ ఉంటుంది, ఇంటికి చేరినట్టు కాదు. కురోవా గువా చేసి తెచ్చుకున్నాకే అతను ముద్జిము అవుతాడు, అంటే ఆ ఇంటిని కాచే పెద్ద. మన పిల్లలకి చెప్పేటప్పుడు ఈ నమ్మకం దగ్గరే ఆగిపోతే లాభం లేదు. ఆ రోజు కోసం ఎవరెవరు ఏమేం చేయాలో చూడాలి. వైద్యమంతా అక్కడే ఉంది.

మొదట రాగులు కావాలి. అవును, మన రాగులే. వాటిని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి చేసి బీరు కాస్తారు. దానికి సుమారు వారం పడుతుంది. ఆ వారమంతా బంధువులు ఒక చోట చేరాలి. పట్నంలో ఉద్యోగం చేసే తమ్ముడు, మాటలు లేని అన్న, పుట్టింటికి రాక ఎన్నేళ్ళో అయిన ఆడపడుచు అందరూ రావాలి. మనసులో పగ పెట్టుకుని ఈ పనికి కూర్చోకూడదు. బీరు సరిగ్గా పులియకపోతే, ఇంట్లో తేలని తగవు ఏదో ఉందని పెద్దలు కోపంగా ఉన్నారనుకుంటారు. అంటే తగవు బయటికి రావడానికి ఒక కుండ సాకు దొరుకుతుంది. ఫ్యామిలీ థెరపీలో మనం ఆరేడు సెషన్లు తిప్పలు పడి తీసుకొచ్చే మాట అక్కడ కుండ చుట్టూ వచ్చేస్తుంది.

బీరు తీసుకుని సమాధి దగ్గరికి వెళ్తారు, దాని మీద పోస్తారు, ఇంటికి రమ్మని పిలుస్తారు, పాడుకుంటూ తిరిగొస్తారు. డప్పులు, చాలా చోట్ల ఎంబీరా వాయిద్యం, రాత్రంతా ఆట, ఎద్దునో మేకనో కోసి విందు. పోయినవాడి బట్టలూ పనిముట్లూ ఎవరికి చెందాలో తేల్చేదీ చాలా కుటుంబాల్లో ఆ సందర్భంలోనే. భార్య సంతాప నియమాలు తీరతాయి. పూడ్చిన రోజు ఏడుస్తూ వచ్చిన దారిలోనే ఈ రోజు పాడుకుంటూ వస్తారు.

ఈ పనుల్లో ముఖ్యమైన పాత్ర కొడుకుది ఒక్కటే కాదు. ముజుకురు అని ఉంటాడు, ఇంటి ఆడపడుచు కొడుకు, అంటే మేనల్లుడు. అతను ఆ వంశం వాడు కాడు, పరాయివాడూ కాడు. అందుకే మధ్యవర్తిగా చాలా పనులు అతని చేతి మీదుగా నడుస్తాయి. తేతే అంటే మేనత్త. పెళ్ళి విషయాల్లో, మొగుడూ పెళ్ళాల గొడవల్లో ఆడపిల్ల ముందుగా చెప్పుకునేది తేతేతోనే. వీళ్ళందరి కన్నా నాకు ఆశ్చర్యం కలిగించినవాడు సహ్విర. ఇతను బంధువు కాడు, కర్మల కోసం కుదిరిన స్నేహితుడు. ఒక్కోసారి ఆ స్నేహం తాతల నాటి నుంచి రెండు కుటుంబాల మధ్య వస్తుంది. చావు జరిగితే ముందుగా కబురు వెళ్ళేవాళ్ళలో ఇతనొకడు. శవం దగ్గర అందరూ ఏడుస్తుంటే ఇతను జోకులు వేస్తాడు. పోయినాయన టోపీ పెట్టుకుని ఆయన నడిచినట్టు నడుస్తాడు, ఆయన తిట్టినట్టు తిడతాడు, ఆయన పిసినారితనాన్ని అందరి ముందూ బయటపెడతాడు. కోడళ్ళు కూడా ఇలాంటి నాటకమే ఆడతారు. ఎవరికీ కోపం రాకూడదు. వాళ్ళకి ఆ హక్కు ఉంది.

నా కుర్రాడు ఇది చెబుతూ మొదటిసారి నవ్వాడు. వాళ్ళ నాన్న టీలో అయిదు చెంచాల చక్కెర వేసుకునేవాడట. అంత్యక్రియల రోజు సహ్విర దాన్నే ఆడి చూపించాడని చెల్లెలు ఫోన్‌లో చెప్పిందట. నేను వేసిన ఖాళీ కుర్చీ గురించి అప్పుడు అడిగాను. "మీ మీద కోపం లేదు మేడమ్. కానీ పిలవాల్సినవాళ్ళు లేకుండా, పిలవాల్సిన చోటు కాకుండా మా నాన్నని ఎలా పిలుస్తాను?" అన్నాడు. చనిపోయినవాళ్ళతో మాట్లాడించే విద్య నాకొక్కదానికే వచ్చని కాబోలు నా ధీమా!

"ఇది మన సంవత్సరీకం లాంటిదేగా" అని మీరు అనబోతున్నారని తెలుసు. నేనూ అన్నాను. మనకీ పోయినవాళ్ళు ముందు ప్రేతం, సపిండీకరణం అయ్యాకే పితృదేవత. ఆ పోలిక వల్లనే నాకతని మాట అర్థమైంది, కాదనను. కానీ పోలిక గుమ్మం వరకే పనికొస్తుంది, లోపలికి వెళ్ళాక అడ్డం పడుతుంది. పిల్లలు లేకుండా పోయినవాళ్ళకి షోనాలు సాధారణంగా కురోవా గువా చేయరు. ఇంట్లో జబ్బులకీ అరిష్టాలకీ చనిపోయినవాళ్ళ కోపం సూటిగా కారణం కావచ్చని నమ్ముతారు. సహ్విర లాంటివాడు మనకి లేడు. "అంతా ఒకటే" అనేస్తే ఎదుటి మనిషి చెప్పేది వినడం మానేస్తాం.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ కుర్రాడి అమ్మ చర్చికి వెళ్తుంది. వాళ్ళ పాస్టర్ ఈ పని చేస్తే సంఘంలోంచి తీసేస్తానన్నాడు. మిషనరీలు వెళ్ళిన కొత్తలో కురోవా గువాని పూర్తిగా వద్దన్నారు. తర్వాత కేథలిక్ చర్చి దానికి తన ప్రార్థనలతో ఒక రూపం ఇచ్చి ఒప్పుకుంది గాని, చాలా పెంటెకోస్టల్ సంఘాలు ఇప్పటికీ ఒప్పుకోవు. నాన్న తరఫు వాళ్ళేమో పెద్ద కొడుకు లేకుండా బీరు కాయలేమని ఇన్నాళ్ళుగా ఆపి కూర్చున్నారు. ఆ టెన్షనే అతన్ని నిద్రపోనివ్వనిది. కౌన్సిలర్‌గా నేను పని చేయాల్సిన చోటు అదే. నేనేమో ఖాళీ కుర్చీతో కాలం గడిపాను.

అక్కడి నుంచి చదవడం మొదలుపెట్టాను. జింబాబ్వేలో అమానీ ట్రస్ట్ అనే సంస్థ చేసిన పని గురించి చదివినప్పుడు, ఇది మన సిలబస్‌లో ఎందుకు లేదా అని నిజంగా కోపమొచ్చింది. జింబాబ్వే పశ్చిమాన మతబెలేలాండ్‌లో 1983 నుంచి కొన్నేళ్ళ పాటు సైన్యంలోని ఫిఫ్త్ బ్రిగేడ్ ఊళ్ళ మీద పడి వేలమందిని చంపింది. చాలామందిని సామూహికంగా గోతుల్లో పూడ్చారు. బతికినవాళ్ళని ఏడవనివ్వలేదు, ఆ గోతుల మీదే పాటలు పాడించి ఆడించారు. 1990ల చివర్లో అమానీ ట్రస్ట్ హింసకు గురైనవాళ్ళకి కౌన్సెలింగ్ ఇవ్వడానికి ఆ ఊళ్ళకి వెళ్ళింది. ఊరివాళ్ళు చెప్పుకున్న బాధ మరొకటి. మావాళ్ళు సరిగా పూడ్చకుండా పడున్నారు, వాళ్ళకి ఉంబుయిసో చేయలేదు, అందుకే మా ఇళ్ళలో వానా లేదు, మనశ్శాంతీ లేదు అన్నారు. ఉంబుయిసో అంటే ఎన్‌దెబెలే ప్రజల్లో పోయినవాణ్ణి ఇంటికి తెచ్చుకునే కర్మ. అప్పుడా సంస్థ ఏం చేసింది? అర్జెంటీనా ఫోరెన్సిక్ నిపుణుల సాయంతో గోతులు తవ్వి, ఎముకలు గుర్తుపట్టి, కుటుంబాలకి అప్పగించింది. వాళ్ళు పద్ధతి ప్రకారం పూడ్చుకున్నారు, కర్మ చేసుకున్నారు. కౌన్సిలర్ పని గడ్డపార దగ్గరికి వెళ్ళడమూ కావచ్చని నాకెవరూ చెప్పలేదు. మీరు కూడా చెప్పలేదు సార్.

మొజాంబిక్ సంగతి ఇంకోలా ఉంటుంది. అక్కడి అంతర్యుద్ధం 1992లో ముగిసింది. తిరుగుబాటుదారులు ఎత్తుకుపోయి తుపాకులు పట్టించిన పిల్లలు ఇళ్ళకి తిరిగొచ్చారు. ఆ దేశపు మానవశాస్త్రవేత్త అల్సిండా హొన్వానా అలాంటి పిల్లలకి చేసిన శుద్ధి కర్మల గురించి రాశారు. ఒక చోట ఊరికి దూరంగా చిన్న గడ్డి గుడిసె వేస్తారు. పిల్లవాడు శిబిరం నుంచి వచ్చిన బట్టలతోనే లోపలికి వెళ్తాడు. గుడిసెకి నిప్పు పెడతారు. బంధువొకరు అతన్ని బయటికి లాగేస్తారు. బట్టలూ, అక్కడి నుంచి తెచ్చుకున్న వస్తువులూ అన్నీ కాలిపోతాయి. తర్వాత మూలికల పొగ పట్టిస్తారు, మూలికల నీళ్ళతో స్నానం చేయిస్తారు. అక్కడ ఏం చేశావు, ఎవర్ని చంపావు అని అడగరు. ఆ మాటలు తవ్వితే చెడు మళ్ళీ ఇంట్లోకి వస్తుందని భయం.

మనం నేర్చుకున్నది దీనికి పూర్తిగా తలకిందులు. జరిగింది చెప్పించాలి, మళ్ళీ మళ్ళీ చెప్పించాలి, చెబితేనే భారం దిగుతుంది. ఏది సరైందని తేల్చే స్థాయి నాకు లేదు. చెప్పుకుని తేలికపడ్డవాళ్ళని నా గదిలోనే చూశాను. కానీ చెప్పకుండా కూడా ఊరు ఒక పిల్లవాణ్ణి తిరిగి తనలో కలుపుకోగలదని తెలిసి ఉంటే, నోరు విప్పనివాళ్ళని "సహకరించడం లేదు" అని రాసిన ఫైళ్ళు నా దగ్గర కొన్ని తగ్గేవి.

ఉత్తర ఉగాండాలో అచోలీలు, ఎత్తుకుపోబడి తిరిగొచ్చినవాళ్ళ చేత ఊళ్ళోకి అడుగుపెట్టేముందు పచ్చి గుడ్డును తొక్కిస్తారు. గుడ్డుకి నోరు లేదు, పాపం తెలియదు. ఇది రెండు నిమిషాల పని, కానీ చూడ్డానికి ఊరంతా వస్తుంది. నువ్వు మావాడివే అని నలుగురి ముందు చెప్పడం అది. ఆ తర్వాత స్వచ్ఛంద సంస్థలు దాతల డబ్బుతో ఒకేసారి వందలమందిని వరసగా నిలబెట్టి గుడ్లు తొక్కించిన రోజులూ వచ్చాయి. తమ వంశం పెద్దలు లేని చోట ఎవరో చేయిస్తే అది తంతే అవుతుంది. మన దగ్గర కూడా ఏదో హోటల్ హాల్లో వారాంతపు వర్క్‌షాప్ పెట్టి, డప్పులు పంచి, "ఆఫ్రికన్ హీలింగ్" అని టికెట్లు అమ్మడం చూశాను. దయచేసి సిలబస్‌లోకి అది మాత్రం రానివ్వకండి. ఉబుంటు (నలుగురితో ఉంటేనే మనిషి అన్న భావన) అనే ఒక్క మాటని స్లైడ్ మీద పెట్టి, సూర్యాస్తమయం బొమ్మ వేసి వదిలేయడం కూడా వద్దు.

"అసలు ఇందులో మోసం లేదా?" అని మీరడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. జాంబియా వాయవ్యంలో ఎన్‌దెంబు ప్రజల మధ్య 1950లలో ఉన్న విక్టర్ టర్నర్ అనే మానవశాస్త్రవేత్త, ఇహంబా అనే కర్మను వివరంగా రాశాడు. చనిపోయిన వేటగాడి పన్ను రోగి ఒంట్లో చేరి కొరుకుతోందని, వైద్యుడు కొమ్ము పెట్టి రక్తంతో దాన్ని బయటికి లాగుతాడని నమ్మకం. పన్ను ఒంట్లోంచే వచ్చిందా, వైద్యుడి చేతిలోంచి వచ్చిందా అన్నది మనకి పెద్ద ప్రశ్న. టర్నర్ చూసింది వేరు. పన్ను రాకపోతే వైద్యుడు ఆగి, చుట్టూ ఉన్న బంధువుల్ని ఒక్కొక్కరినీ పిలిచి, రోగి మీద మీకేం కోపముందో ఇప్పుడే చెప్పండి అంటాడు. చెబుతారు. రోగి కూడా తన కోపం చెబుతాడు. అప్పుడు డప్పు మళ్ళీ మొదలవుతుంది. ఊళ్ళో పేరుకున్న పగ బయటికి వచ్చిందా లేదా అన్నదే అక్కడి అసలు వైద్యం అని ఆయన అర్థం చేసుకున్నాడు. కనికట్టు ఉంటే ఉండవచ్చు. కానీ ఒక మనిషి నడుం నొప్పికి పదిమంది తమ లోపలి కోపాన్ని ఒప్పుకోవడం కనికట్టు కాదు.

ఇదంతా అడవిలో పల్లెల సంగతి, ఆసుపత్రికి ఎక్కదు అనుకుంటే అదీ కాదు. నైజీరియాలో థామస్ అడియోయే లాంబో అనే మానసిక వైద్యుడు 1954లో అబెయోకుటా దగ్గర ఆరోలో, రోగుల్ని వార్డుల్లో పెట్టకుండా ఒక బంధువుతో పాటు చుట్టుపక్కల పల్లెల్లోని ఇళ్ళలో ఉంచాడు. మందులూ ఇచ్చాడు, సంప్రదాయ వైద్యుల్నీ పనిలోకి తీసుకున్నాడు. తర్వాత ఆయన ప్రపంచ ఆరోగ్య సంస్థలో డిప్యూటీ డైరెక్టర్ జనరల్ అయ్యాడు. సెనెగల్‌లో డాకార్ ఫాన్ ఆసుపత్రిలో ఫ్రెంచ్ మానసిక వైద్యుడు ఆన్రీ కొలోంబ్ బృందం రోగులూ, బంధువులూ, సిబ్బందీ అందరూ గుండ్రంగా కూర్చుని మాట్లాడుకునే సభలు నడిపింది. ఊళ్ళో చెట్టు కింద పెద్దలు కూర్చునే చోటుకి వాడే అక్కడి వోలోఫ్ భాష మాటనే ఆ సభకి పేరుగా పెట్టుకున్నారు. అక్కడి లెబూ ప్రజలు చేసే ఎన్‌డెప్ అనే కర్మ నడిపే స్త్రీల దగ్గరికి వెళ్ళి నేర్చుకున్నారు. రోజుల తరబడి సాగే ఆ కర్మలో రోగిని పట్టిన ఆత్మని తరిమేయరు. పేరు కనుక్కుని, ఇంట్లో ఒక చోటు కట్టి, దానితో కలిసి బతకడం నేర్పుతారు. లక్షణాన్ని తీసేయడం ఒకటే బాగుపడటం కాదని మనం పీజీ రెండో ఏడాదిలో అరువు మాటలతో నేర్చుకుంటాం.

మళ్ళీ జింబాబ్వేకే వస్తాను. మన దేశానికి సంబంధం ఉన్న ముక్క ఒకటుంది. షోనాలో కుఫుంగిసిసా అనే మాట ఉంది, అతిగా ఆలోచించడం అని అర్థం. మన ఇళ్ళలో "ఊరికే ఆలోచిస్తా కూర్చుంటోంది" అంటారు చూడండి, దాదాపు అదే. 1990లలో జింబాబ్వే రాజధాని హరారేలో పని చేసిన మన దేశపు మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ అక్కడి రోగులనీ వైద్యులనీ, వాళ్ళతో పాటు సంప్రదాయ వైద్యులనీ అడిగి, వాళ్ళ మాటల్లోనే 14 ప్రశ్నల షోనా ప్రశ్నావళి తయారు చేయడంలో ముఖ్య పాత్ర వహించారు. 2006లో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు హరారేలోని ఎంబారేలో 14 మంది అమ్మమ్మలతో ఫ్రెండ్‌షిప్ బెంచ్ మొదలుపెట్టాడు. ఆసుపత్రి ఆవరణలో చెక్క బెంచీ, దాని మీద శిక్షణ పొందిన ఒక పెద్దావిడ, వచ్చినవాళ్ళు చెప్పుకుంటారు. మనసు తెరవడం, లేవనెత్తడం, బలపరచడం అని మూడు మెట్లకీ షోనా పేర్లే. 573 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2016లో అమెరికా వైద్యసంఘం పత్రికలో వచ్చాయి. ఆరు నెలల తర్వాత మామూలు వైద్యం అందినవాళ్ళలో సుమారు సగం మందిలో డిప్రెషన్ లక్షణాలుంటే, బెంచీ మీద కూర్చున్నవాళ్ళలో 14 శాతం మందిలోనే కనిపించాయి.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి, ఎందుకంటే ఈ లెక్క చూపించి కొందరు తొందరపడుతున్నారు. బెంచీ మీద జరిగేది కర్మ కాదు, సమస్యను ముక్కలు చేసి పరిష్కారం వెతికే చికిత్స. ఆ ఫలితాలు కురోవా గువా పనిచేస్తుందని రుజువు చేయవు. మనిషి తన బాధకి వాడే మాటతో, గౌరవించే పెద్దరికంతో మొదలుపెడితే చికిత్స ఎంత దూరం వెళ్తుందో చూపిస్తాయి, అంతవరకే.

మంచి మాత్రమే చెప్పి పంపితే మీరు నన్ను నమ్మరు, నమ్మకూడదు కూడా. పూడ్చిన తర్వాత చావుకి కారణమేంటని అడగడానికి షోనా కుటుంబం నాంగా దగ్గరికి, అంటే సంప్రదాయ వైద్యుడి దగ్గరికి వెళ్తుంది. అతను హకాటా అనే చెక్క పాచికలు వేసి చెబుతాడు. అక్కడ ఏ ముసలావిడ పేరో బయటికొస్తే ఆమె బతుకు నాశనం. బాణామతి పేరుతో మన తెలంగాణ పల్లెల్లో మనుషుల్ని ఏం చేశారో తెలిసినవాళ్ళకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. అన్యాయంగా చచ్చినవాడి ఆత్మ, న్గోజి, హంతకుడి కుటుంబాన్ని పట్టి పీడిస్తుందని షోనా నమ్మకం. తప్పు ఒప్పుకుని పరిహారం కట్టేదాకా అది వదలదు. కోర్టు చేయలేని పని ఆ భయం చేయించిన సందర్భాలున్నాయి. అదే న్గోజిని శాంతింపజేయడానికి ఒక ఆడపిల్లని చచ్చినవాడి కుటుంబానికి ఇచ్చేసిన సందర్భాలూ ఉన్నాయి. జింబాబ్వేలో 2007లో అమల్లోకి వచ్చిన గృహహింస చట్టం దాన్ని నేరం చేసింది. ఘనాలో కొన్ని ప్రార్థనా శిబిరాల్లో మానసిక రోగుల్ని చెట్లకి గొలుసులతో కట్టేశారు. తమిళనాడులోని ఎర్వాడిలో 2001లో గొలుసులతో ఉన్నవాళ్ళు మంటల్లో ఎలా పోయారో మనకి గుర్తుంది కదా. ఆత్మహత్య ఆలోచన ఉన్నవాణ్ణి, మతి చలించినవాణ్ణి ముందు డాక్టర్ దగ్గరికే తీసుకెళ్ళాలి. అందులో నాకు రెండో మాట లేదు.

జింబాబ్వేలో వలస ప్రభుత్వం 1899లోనే మంత్రవిద్య అణచివేత చట్టం తెచ్చి నాంగాల పని మీద దెబ్బ కొట్టింది. కానీ వాళ్ళ దగ్గరికి వెళ్ళడం జనం మానలేదు, చాటుగా వెళ్ళారు. స్వాతంత్ర్యం వచ్చిన 1980లోనే సంప్రదాయ వైద్యుల సంఘం ఏర్పడింది, మరుసటేడు వాళ్ళని నమోదు చేసే చట్టం వచ్చింది. ఆ సంఘానికి అధ్యక్షుడైన గోర్డన్ చవుందుకా సమాజశాస్త్ర ఆచార్యుడు, తర్వాత జింబాబ్వే విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ కూడా అయ్యారు. ఒక వైస్ చాన్సలర్‌కి నామోషీ కానిది మన సిలబస్ కమిటీకి ఎందుకు కావాలి?

నేనడిగేది పెద్దదేం కాదు. "సంస్కృతి, మానసిక ఆరోగ్యం" అనే మీ యూనిట్‌లో ఇప్పటికీ "సంస్కృతికి కట్టుబడిన రుగ్మతలు" అని ఒక పట్టిక ఉంది. ఈ దేశంలో ఈ వింత జబ్బు, ఆ దేశంలో ఆ వింత జబ్బు అని బట్టీ పట్టించే పట్టిక. అమెరికా మనోవైద్యుల సంఘం రోగనిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 కూడా 2013లోనే ఆ పేరు పక్కన పెట్టింది. బాధకి సాంస్కృతిక భావనలు అన్న కొత్త జాబితాలో కుఫుంగిసిసాని చేర్చింది, క్లయింటును అతని లోకం గురించి అడగడానికి 16 ప్రశ్నలూ ఇచ్చింది. ఆ పట్టిక తీసేయండి. ఆ చోట ఒక్క కర్మని తీసుకుని నాలుగు వారాలు చెప్పండి. కురోవా గువానే కావచ్చు, ఎన్‌డెప్ కావచ్చు. ఎవరు వండుతారు, ఎవరు ఖర్చు పెడతారు, ఎవరికి మాట్లాడే హక్కుంది, ఎవర్ని బయట ఉంచారు, అది అయ్యాక ఎవరి స్థానం మారింది అని పిల్లల చేత వెతికించండి. హైదరాబాద్‌లో ఆఫ్రికా విద్యార్థులు ఇంతమంది చదువుతున్నారు. ఒప్పుకున్నవాళ్ళని పిలవండి, గెస్ట్ లెక్చరర్‌కి ఇచ్చే డబ్బే ఇవ్వండి. నమూనాలుగా కాదు, చెప్పేవాళ్ళుగా పిలవండి. "మీ మతంలో ఏం చేస్తారు" అని కాదు, "మీ ఇంట్లో ఏం చేస్తారు, ఎవరు ఒప్పుకోరు" అని అడగడం నేర్పండి. ఈ రెండో ప్రశ్న మర్చిపోతే ఆ కుర్రాడి అమ్మ మనకి కనపడదు.

కౌన్సిలర్లు కర్మలు చేయించాలని నేననడం లేదు. మన చేత కాదు, మనకా హక్కూ లేదు. ఒక పని బాకీ ఉన్న మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు ఆ బాకీని గుర్తుపట్టాలి. అది తీర్చుకోవడానికి డబ్బు, సెలవు, ఇంట్లోవాళ్ళతో మాట, ఏది అడ్డమైతే దాని మీద పని చేయాలి.

ఆ కుర్రాడి విషయంలో చివరికి నేను చేసింది అదే. చికిత్స అనదగ్గది పెద్దగా చేయలేదు. రెండు వారాల సెలవు కోసం ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం రాసిచ్చాను. అమ్మతో ఏం మాట్లాడాలో మూడు సాయంత్రాలు కూర్చుని తేల్చుకున్నాం. తేతేని మధ్యలో పెట్టాలన్న ఆలోచన అతనిదే. అమ్మ బీరు ముట్టనని, సమాధి దగ్గరికి రానని, కానీ వంట మాత్రం తనే చేస్తానని ఒప్పుకుంది. ఆగస్టులో వెళ్ళొచ్చాడు. వచ్చాక నిద్ర గురించి నేనడగలేదు, అతనూ చెప్పలేదు. సహ్విర మళ్ళీ చక్కెర జోకే వేశాడని మాత్రం చెప్పాడు.

అతని ఫైలు నా అల్మారాలోనే ఉంది. మొదటి పేజీలో రాసింది కొట్టేయలేదు, శిక్షణకి వచ్చే పిల్లలకి చూపించడానికి ఉంచాను. నా దగ్గరికి కొత్తగా వచ్చినవాళ్ళు నింపే ఫారంలో మాత్రం ఒక ప్రశ్న చేర్చాను: "మీ ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే, వాళ్ళ కోసం చేయాల్సింది ఏదైనా మిగిలిపోయిందా?" తెలుగు పిల్లలు కూడా ఆ గడి ఖాళీగా వదిలేయడం తక్కువే. కరోనా రోజుల్లో పోయినవాళ్ళ పేర్లు అందులో చాలా కనిపిస్తాయి.

నాలుగు వారాల పాఠానికి వివరమైన ప్రణాళిక, ఈ ఫారం, పేర్లూ ఆనవాళ్ళూ తీసేసిన మూడు కేసులు సిద్ధంగా ఉన్నాయి. బోర్డు తర్వాతి సమావేశం ఏ రోజో చెబితే నేనే తెచ్చిస్తాను. ఫోన్‌లో నవ్విన సార్ కూడా ఆ రోజు తప్పకుండా ఉండాలని నా మనవి.

ఇట్లు
మీ పాత విద్యార్థిని, ఒక కాలేజీ కౌన్సిలర్
హైదరాబాద్